తెలియక పెట్టిన రాయి

మా సంఘములో చూపులేని పెద్దాయన ఒకరున్నారు. ముప్పది యేండ్లు బడిపిల్లలకు సంగీతము నేర్పి విశ్రాంతి తీసికొనినవారు గనుక ఊరంతయు ఆయనను మాస్టారు అనియే పిలుచును. ఆయన గొప్ప చదువరి. తెల్లవారగానే కంప్యూటరు ముందు కూర్చుండి, అది పైకి చదివి వినిపించుచుండగా వార్తలను, వ్యాసములను, మా సంఘపు వెబ్‌సైటులోని ప్రకటనలను విడువక చదువుదురు. "చదివితిని" అనియే ఆయన చెప్పుదురు గాని "వింటిని" అని చెప్పరు. నేనును ఆ మాటనే వాడుచున్నాను.

రెండేండ్ల క్రిందట ఆయన బాల్యస్నేహితుడొకరు శుక్రవారము రాత్రి కన్ను మూసిరి. మరునాడు సాయంకాలము భూస్థాపన. నేను ప్రకటన వ్రాసి, దానికి నల్లని అంచు వేయించి, చనిపోయినవారి ఫొటో చేర్పించి, అక్షరములను అందముగా కూర్పించి, అంతయు ఒకే బొమ్మగా చేయించి వెబ్‌సైటులో పెట్టించితిని. అందరి ఫోనులకును పంపించితిని. చూచినవారు బాగున్నదనిరి. మాస్టారి యింట కంప్యూటరు ఆ ప్రకటన దగ్గరకు వచ్చి "గ్రాఫిక్" అని ఒక్క మాట పలికి ముందుకు సాగిపోయెను. ఏదో అలంకారపు బొమ్మ కాబోలని ఆయన ఊరకుండిరి. అంత దగ్గరి స్నేహితుడు గనుక ఆయనకు తెలిసియే యుండునని మేమందరము అనుకొంటిమి. సోమవారము ఎవరో పరామర్శింప వచ్చినప్పుడు గాని ఆయనకు సంగతి తెలియలేదు.

నా యొద్దకు వచ్చినప్పుడు ఆయన కోపపడలేదు. "అయ్యగారూ, మీరు పంపింది నాదాకా వచ్చిందండీ. మాట మాత్రం రాలేదు" అని మాత్రము అనిరి.

ఆ మాట నన్ను విడువలేదు. నేను ఆయనకు కీడు తలంచితినా? లేదు. ఆయనను మరచితినా? ప్రార్థనలో ఆయన పేరు ఎన్నడును మరచినవాడను కాను. అయినను ఒక మనుష్యుడు తన స్నేహితుని కడపటి దర్శనమునకు దూరమగుటకు నా చేతిపని కారణమాయెను. ప్రియ చదువరీ, ఈ నెల మనము ఆలోచింపవలసిన ప్రశ్న ఇదియే: తెలియక పెట్టిన రాయికి ఎవరు ఉత్తరవాదులు?

పూర్వపు ధర్మశాస్త్రములో దీనికి సంబంధించిన ఆజ్ఞలు రెండున్నవి. లేవీయకాండము 19వ అధ్యాయములో, గ్రుడ్డివాని దారిలో అడ్డము పెట్టుట నిషేధింపబడినది. అది బుద్ధిపూర్వకమైన దుష్టత్వమును గూర్చినది. మనలో అనేకులము ఆ ఆజ్ఞను చదివి, "నేనెన్నడును అట్టి పని చేయలేదు" అని నెమ్మదిగా ముందుకు పోవుదుము. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో మరియొక ఆజ్ఞ కలదు. క్రొత్త యిల్లు కట్టువాడు తన మిద్దెకు పిట్టగోడ కట్టవలెను. కట్టక, ఎవడైనను పడినయెడల ఆ దోషము ఇంటివానిదే. అక్కడ ఇంటివాడు ఎవనిని త్రోయలేదు. ఎవడును పడవలెనని కోరలేదు. అతడు చేసిన తప్పు ఒక్కటే: ముందుగా తలంచలేదు. నా తప్పు ఈ రెండవ జాతికి చెందినదని నాకు తెలిసివచ్చెను. నేటి వెబ్‌సైటులలో చూపులేనివారికి తగులు రాళ్లలో బహుశా నూటికి తొంబది ఈ జాతివే.

చూపులేనివారు కంప్యూటరును ఎట్లు చదువుదురో తెలియనివారు మనలో చాలమంది యున్నారు గనుక దానిని కొంచెము వివరించెదను.

1989లో సెర్న్ అను పరిశోధనాలయములో టిమ్ బర్నర్స్-లీ అను శాస్త్రజ్ఞుడు వెబ్బు అను ఏర్పాటును ప్రతిపాదించెను. ఎక్కడనో ఉన్న కాగితమును ఎక్కడి వారైనను తెరచి చదువుకొనుటయు, ఒక కాగితము నుండి మరియొక కాగితమునకు లింకుల ద్వారా పోవుటయు దాని సారము. ఆ తొలిదినములలో అది ముఖ్యముగా అక్షరముల లోకము. 1992లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయములో ఒక బ్రౌజరు పుట్టెను. దాని పేరు లింక్స్. అది చురుకైన చూపునకు పేరుపడిన ఒక అడవిపిల్లి పేరు. కొలదికాలములోనే అది వెబ్ పేజీలను చదువుటకును పనికివచ్చెను. అందులో బొమ్మలు లేవు, రంగుల హంగులు లేవు. తెరమీద అక్షరములు మాత్రమే కనబడును. మౌసుతో పనిలేదు. క్రింది బాణపు మీట నొక్కిన తరువాతి లింకునకు పోవును, పై బాణము నొక్కిన ముందరి లింకునకు వచ్చును. కుడి బాణము లింకును తెరచును, ఎడమ బాణము వెనుకకు తెచ్చును. చూపుగలవారు దీనిని వేగము కొరకు వాడుకొనిరి. చూపులేనివారికి ఇది తెరచిన తలుపాయెను. ఏలయనగా తెరమీద అక్షరమే యున్నప్పుడు, దానిని స్వరముగా మార్చి చెవికి అందించు యంత్రము గాని, చుక్కలుగా లేపి వ్రేళ్ల క్రిందికి తెచ్చు బ్రెయిలు ఫలకము గాని తన పని సులభముగా చేయగలదు.

నేడు చూపులేనివారిలో ఎక్కువమంది అందరు వాడు బ్రౌజరులనే స్క్రీన్ రీడరు సహాయముతో వాడుచున్నారు. ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడైన మైకేల్ కరన్ 2006లో ప్రారంభించిన ఎన్.వి.డి.ఎ. అను స్క్రీన్ రీడరు ఉచితముగా దొరకును. దానితో వచ్చు స్వరయంత్రము తెలుగును కూడ పలుకును. అయినను లింక్స్ వంటి అక్షరపు బ్రౌజరు నేటికిని బ్రతికియున్నది. దానిని వాడువారును ఉన్నారు. అంతకంటె ముఖ్యముగా, ఒక పేజీలో రంగును, బొమ్మను, కదలికను తీసివేసిన తరువాత మిగులునదేమో చూపునట్టి నిజాయితీగల అద్దము అది.

ఆ అద్దములో మన పేజీలను పెట్టి చూచినయెడల రాళ్లు బయటపడును. వాటిలో కొన్నిటిని చెప్పెదను.

మొదటి రాయి మాటలేని బొమ్మ. 1993లో మొజాయిక్ అను బ్రౌజరు వచ్చి అక్షరముల మధ్యనే బొమ్మలను చూపుట ప్రారంభించెను. లోకము సంతోషించెను, అందులో తప్పులేదు. బొమ్మను చూడలేనివారి కొరకు దాని వెనుక నాలుగు మాటలు వ్రాసిపెట్టు వసతిని వెబ్బు భాష యొక్క 1995 నాటి ప్రమాణమే కల్పించినది. దానిని "ఆల్ట్" అందురు. 1997లో వచ్చిన ప్రమాణమైతే ప్రతి బొమ్మకును అది ఉండితీరవలెనని చెప్పినది. చూచితివా చదువరీ, పిట్టగోడకు ఇటుకలు మొదటినుండియు దగ్గరనే యున్నవి. కట్టువాడు చేయి చాపవలసినంతే. అది చేయనప్పుడు లింక్స్ వంటి బ్రౌజరు అక్కడ ఏదో బొమ్మ యున్నదను గుర్తును గాని, ఆ ఫైలు పేరును గాని మాత్రము చూపును. మాస్టారికి వినబడిన "గ్రాఫిక్" అట్టిదే.

రెండవది అర్థము చెప్పని లింకు. "ఇక్కడ నొక్కండి, ఇక్కడ నొక్కండి" అని ఒక పేజీలో పదిసార్లు వ్రాసినయెడల, చుట్టునున్నదానిని కంటితో చూచువానికి సంగతి తెలియును. లింకు నుండి లింకునకు మీటలతో పోవువానికి పది తలుపులు మీదను ఒకే పేరు కనబడును. దరఖాస్తులోని గడికి పేరు కట్టకపోవుటయు ఇట్టిదే. ఆ గడిలో పేరు వ్రాయవలెనో, పుట్టిన తేదీ వ్రాయవలెనో యంత్రము చెప్పలేదు.

మూడవది మౌసు చేతిలో ఉన్నవానికే తెరచుకొను బటను. లింక్స్ జావాస్క్రిప్టు అను కదలికల భాషను నడుపదు. గనుక ఆ భాష మీదనే నిలిచిన పేజీ దానిలో ఖాళీ గోడగా నిలుచును. స్క్రీన్ రీడరు వాడువానికి పేజీ తెరచుకొనినను, మీటలతో చేరలేని బటను ఉన్ననూ లేనట్టే.

నాలుగవది మన తెలుగువారి ప్రత్యేకమైన రాయి. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి ప్రమాణములోనే తెలుగు అక్షరములకు స్థానము దొరికినది. అయినను మన అచ్చుపనిలో బహుకాలము వేరు ఫాంటులను వాడితిమి. కొన్నిచోట్ల ఇప్పటికిని వాడుచున్నాము. వాటిలో కంటికి "అమ్మ" అని కనబడును గాని, లోపల ఉన్నవి ఇంగ్లీషు అక్షరములును గుర్తులును. స్క్రీన్ రీడరు లోపలిదానినే చదువును గనుక అర్థములేని గొణుగుడు వినబడును. ఆ బాధ తప్పించుకొనవలెనని మరికొందరు కాగితమును ఫొటో తీసి పెట్టుదురు. అప్పుడు ఆ గొణుగుడు కూడ వినబడదు. ఇట్లు పెట్టిన ఉత్తరువులు, ఫలితముల పట్టికలు, పత్రికలు మన భాషలో ఎన్నియో యున్నవి. వాటిలో మా వంటి చిన్న అచ్చుకూటముల పనియు కలదని ఒప్పుకొనుచున్నాను.

అయిదవ రాయి అన్నిటికంటె నన్ను కలవరపరచినది. దొంగ యంత్రములను ఆపుటకు, వంకర అక్షరముల బొమ్మ చూపి "ఇందులో ఏమున్నదో వ్రాయుము" అని అడుగు పరీక్షను మీరు చూచియుందురు. క్యాప్చా అను ఆ పేరు 2000వ సంవత్సర ప్రాంతములో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయములో పెట్టబడినది. నీవు మనుష్యుడవో యంత్రమవో తేల్చుటయే ఆ పరీక్ష ఉద్దేశము. చూపులేనివానికి వేరొక దారి పెట్టక ఆ పరీక్ష పెట్టినప్పుడు జరుగునదేమి? ద్వారము దగ్గర "నీవు మనుష్యుడవేనా?" అని అడిగి, అతడు ఉత్తరమియ్యలేకపోగా కాదని వ్రాసికొని తలుపు మూయుచున్నాము. ఆ బొమ్మ గీసినవాడు ఇట్లు తలంచియుండడు. అయినను తలుపు మూసికొనినది.

ఇప్పుడు మనవారు సాధారణముగా చెప్పు సాకులను పరిశీలింతము.

"ఇంతవరకు ఎవరును ఫిర్యాదు చేయలేదే" అను సాకు మొదటిది. నేను చెప్పిన మొదటి ఆజ్ఞలో గ్రుడ్డివానితో పాటు చెవిటివాడును ఉన్నాడు. చెవిటివానిని తిట్టకూడదని అందులో నున్నది. ఈ ఇద్దరిని ఒకచోట చేర్చుటలో గొప్ప వివేకము కనబడుచున్నది. చెవిటివాడు తన్ను తిట్టినవానిని వినలేడు. గ్రుడ్డివాడు రాయి పెట్టినవానిని చూడలేడు. వెబ్ పేజీ సంగతి ఇంకను కఠినము. దారిలో రాయి తగిలినవానికి దెబ్బయైనను తెలియును. మాటలేని బొమ్మను దాటిపోయినవానికి తాను పోగొట్టుకొన్నది కూడ తెలియదు. మాస్టారు సోమవారము వరకు ఫిర్యాదు చేయలేదు. చేయుటకు ఆయనకు కారణమే తెలియదు. కాబట్టి ఎవరును మాటలాడనంత మాత్రమున ఎవరికిని నష్టము లేదని ఎంచరాదు.

"ఖర్చు ఎక్కువగును" అనునది రెండవ సాకు. దీనికి సిడ్నీ పట్టణములో జరిగిన వ్యాజ్యము మంచి ఉత్తరము. 2000వ సంవత్సరపు ఒలింపిక్ క్రీడల కొరకు అక్కడి నిర్వాహక సంఘము ఒక వెబ్‌సైటు పెట్టెను. బ్రూస్ మగ్వైర్ అను చూపులేని పౌరుడు బ్రెయిలు ఫలకముతో కంప్యూటరును చదువువాడు. బొమ్మలకు మాటలు లేవనియు, క్రీడల పట్టికను చేరుటకు దారిలేదనియు, ఫలితముల పేజీలు తనకు అందవనియు 1999లో మానవ హక్కుల కమిషను ఎదుట ఫిర్యాదు చేసెను. ఇవన్నియు సవరించుటకు ఏడాదికి పైగా పట్టుననియు, 20 లక్షల డాలర్లకు పైగా ఖర్చగుననియు సంఘమువారు వాదించిరి. అనుభవముగల చిన్న బృందము నాలుగు వారములలో చేయగల పనియని ఫిర్యాదిదారుని పక్షమున నిపుణులు సాక్ష్యమిచ్చిరి. 2000 ఆగస్టులో కమిషను మగ్వైర్ పక్షమున తీర్పు చెప్పెను. సంఘము దానిని సంపూర్ణముగా నెరవేర్చనందున 20,000 డాలర్లు నష్టపరిహారము చెల్లింపవలెనని తరువాత ఆజ్ఞాపించెను. ఆ క్రీడలైతే అప్పటికే ముగిసిపోయినవి. పోయిన పండుగను డబ్బు తిరిగి తేలేదు.

ఇందులో మనకు పాఠమేమనగా, మిద్దె కట్టునప్పుడే పిట్టగోడ కట్టినయెడల ఖర్చు స్వల్పము. ఇల్లంతయు పూర్తియైన తరువాత కట్టబోయిన అది భారముగా కనబడును. అప్పుడు ఆ భారమును చూపి, "ఇది అన్యాయమైన కోరిక" అని పడినవానినే నిందింతుము.

"అందము చెడును" అనునది మూడవ సాకు. దీనికి బ్రెయిలు లిపి చరిత్రయే ఉత్తరము. 18వ శతాబ్దపు చివర పారిసు పట్టణములో వాలంటైన్ ఆవీ అను దయాళువు చూపులేని పిల్లలకు పాఠశాల పెట్టి, సాధారణ అక్షరములనే కాగితము మీద ఉబ్బునట్లు అచ్చువేసి చదివించెను. అవి చూడ చక్కని పుస్తకములు. అయితే ఆ అక్షరము కంటి కొరకు పుట్టినది. వ్రేలికి అది చిక్కుముడి. 1809లో పుట్టి, మూడేండ్ల వయస్సులో తండ్రి తోలుపని దుకాణములో కంటికి దెబ్బతగిలి చూపు పోగొట్టుకొనిన లూయీ బ్రెయిలు ఆ పాఠశాలకే వచ్చెను. సైన్యములో పనిచేసిన షార్ల్ బార్బియే కల్పించిన చుక్కల లిపిని విని, దానిలోని 12 చుక్కలను 6 చేసి, 15 ఏండ్ల వయస్సులో, అనగా 1824లో, వ్రేలి కొనకు సరిగా సరిపోవు లిపిని రూపొందించెను. చూపుగల పెద్దలకు అది అందముగా కనబడలేదు. ఆ పాఠశాల దానిని అధికారికముగా అంగీకరించుటకు 1854 వరకు పట్టెను. అతడు 1852లోనే చనిపోయెను. నేడు లోకమంతట చూపులేనివారు చదువునది ఆవీగారి చక్కని అక్షరమును కాదు, ఆ ఆరు చుక్కలనే. మన దేశభాషలకు 1951లో స్థిరపడిన భారతి బ్రెయిలును ఆ చుక్కలే. మన తెలుగు దానిలోనే వ్రాయబడుచున్నది.

ఆవీగారు దుర్మార్గుడు కాడు. ప్రేమగలవాడు. అయితే ప్రేమించినవాని వ్రేలికి ఏమి కావలెనో ఆ వ్రేలినే అడుగలేదు. మన దయ కూడ అనేకమారులు ఇట్లే యుండును. చూపులేనివారి కొరకు కన్నీరు కార్చెదము, విరాళములిచ్చెదము. వారికి పంపు ఉత్తరమును మాత్రము వారు చదువలేని రీతిగా పంపెదము. ఇంతకును బొమ్మలను పారవేయుమని ఎవరును అడుగుట లేదు. బొమ్మ ప్రక్కన మాట నుంచుమనియే అడుగుచున్నారు. కేవలము అలంకారమునకు పెట్టిన బొమ్మయైతే ఆల్ట్ గడిని ఖాళీగా ఉంచుమని కూడ ప్రమాణములు చెప్పుచున్నవి. అప్పుడు యంత్రము మౌనముగా దానిని దాటిపోవును. అక్కరయున్నచోట మాటయు, అక్కరలేనిచోట మౌనమును రెండును మర్యాదయే.

"వారు కొద్దిమందియే గదా" అనునది నాలుగవ సాకు. దీనికి ఉత్తరముగా ఒక చిత్రమైన సంగతి చెప్పెదను. గూగుల్ సంస్థ వెబ్‌సైటుల యజమానులకు ఇచ్చిన సలహాలలో, లింక్స్ వంటి అక్షరపు బ్రౌజరులో మీ పేజీని తెరచి చూచుకొనుడని ఒకప్పుడు చెప్పెడిది. ఏలయనగా లోకములోని పేజీలను వెదకిపెట్టు దాని యంత్రమును నాడు బొమ్మను చూడలేక, మాటనే చదివెడిది. ఆ మాట విని, వెదుకుటలో తమ పేరు పైకి రావలెనని, అనేకులు బొమ్మలకు మాటలు చేర్చిరి. చదువరీ, ఆలోచించుము. చూపులేని మనుష్యుడు అడిగినప్పుడు తీరికలేని చేతికి, చూపులేని యంత్రము లాభము చూపినప్పుడు తీరిక దొరికెను. కష్టము అసాధ్యమైనది కాదని ఇందువలన తేలినది. కొరవడినది ఉపాయము కాదు, లక్ష్యము.

ఇక అసలు ప్రశ్నకు వచ్చెదము. చూపులేనివారు చదువునట్లు పేజీని చేయుట దయయా, చెల్లింపవలసిన బాకీయా?

కూడలిలో భిక్షమిచ్చుట దయ. ఇయ్యనివానిని ఎవరును న్యాయస్థానమునకు ఈడ్వరు. అయితే ఊరందరికి త్రోవ వేసి, ఒక యింటివారి ముందు మాత్రము గోడ పెట్టి, తరువాత ఆ గోడలో చిన్న సందు తీయుట దయ కాదు. తీసికొనినదానిని తిరిగి ఇచ్చుట. నేడు పింఛను, పరీక్షల ఫలితము, బ్యాంకు లెక్క, రైలు టిక్కెట్టు, ఉద్యోగపు దరఖాస్తు అన్నియు వెబ్బు త్రోవను నడచుచున్నవి. కొన్నిటికి వేరు త్రోవ మూయబడుచున్నది. అప్పుడు ఆ త్రోవలోని రాయి అసౌకర్యము మాత్రము కాదు, బ్రతుకుతెరువునకు అడ్డము.

మన దేశపు చట్టమును ఇట్లే ఎంచినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సమాచార సాధనములు అందరికి అందవలెనని విధించినది. 2025 ఏప్రిల్ 30న సుప్రీం కోర్టు చెప్పిన తీర్పు ఇంకను స్పష్టమైనది. బ్యాంకు లెక్క మొదలగువాటి కొరకు ఫోను ఎదుట నిలిచి కన్ను ఆర్పి చూపి, తాను బ్రతికియున్న మనిషినని నిరూపించుకొనవలసిన పద్ధతి కలదు. యాసిడ్ దాడిలో గాయపడి కన్ను ఆర్పలేనివారును, చూపులేనివారును ఆ పద్ధతి వలన తాము త్రోసివేయబడుచున్నామని మొరపెట్టిరి. ఇట్టి సేవలు అందుట రాజ్యాంగపు 21వ అధికరణములోని జీవించు హక్కులో భాగమని న్యాయస్థానము చెప్పి, వేరు మార్గములు ఏర్పరచుమని ఆజ్ఞాపించినది. ఆ తీర్పులో నాకు కనబడినది ఇది: చూపులేనివాడు తలుపు దగ్గర చేయి చాపుటలేదు. తన సొంత యింటి తలుపునకు తాళము ఎవరు వేసిరని అడుగుచున్నాడు.

వారు ఎల్లప్పుడు పుచ్చుకొనువారు, మనము ఎల్లప్పుడు ఇచ్చువారము అని తలంచుటయు పొరపాటే. పూణేలో పుట్టి, 14 ఏండ్ల వయస్సులో చూపు పోగొట్టుకొనిన టి.వి. రామన్ అను శాస్త్రజ్ఞుడు, కఠినమైన గణితపు కాగితములను స్వరముతో వినిపించు ఏర్పాటును గూర్చి పరిశోధన చేసి 1994లో కార్నెల్ విశ్వవిద్యాలయము నుండి డాక్టరు పట్టము పొందెను. మరుసటి సంవత్సరము, కంప్యూటరు తెరమీది అక్షరములను అర్థవంతముగా పలికించు ఈమాక్స్‌పీక్ అను సాధనమును వెలువరించి, దానిని అందరికి ఉచితముగా ఇచ్చెను. రాయి తీసివేసిన త్రోవలో వచ్చువాడు మనకు ఏమి తెచ్చునో ముందుగా చెప్పలేము.

మనము చేయవలసినదేమి? వెబ్‌సైటు కట్టువారి కొరకు 1999 నుండి అంతర్జాతీయ మార్గదర్శక సూత్రములున్నవి. 2008లోను, 2018లోను, 2023లోను అవి సవరింపబడినవి. ఆ పని చేయువారు వాటిని అభ్యసింపవలెను. మన వంటి సామాన్యులు చేయదగినవి కొన్ని చాలును. ప్రకటనను ముందు మాటలతో వ్రాయుము, తరువాత బొమ్మ చేర్చుము. బొమ్మ పెట్టినప్పుడు, "ఇది ఇక్కడ ఎందుకున్నది?" అని నిన్ను నీవు అడిగి ఆ ఉత్తరమునే దాని వెనుక వ్రాయుము. ఉత్తరము దొరకనియెడల బొమ్మ అవసరమే లేదేమో. తెలుగును యూనికోడ్‌లో వ్రాయుము. నీ పేజీని ఒక దినము మౌసు ముట్టక, మీటలతో మాత్రమే నడిపి చూడుము. సాధ్యమైనయెడల లింక్స్‌లో తెరచి, మిగిలినదేమో చూడుము. అన్నిటికంటె మేలైనది, చూపులేని స్నేహితుని ప్రక్కన కూర్చుండి ఆయన చదువుచుండగా వినుము. ఆ అరగంటలో నాకు తెలిసినంత నా సెమినరీ చదువులో కూడ తెలియలేదు.

నేను అట్లు కూర్చుంటిని. మాస్టారు మా వెబ్‌సైటును మొదటినుండి చివరివరకు వినిపించిరి. పదకొండు చోట్ల "గ్రాఫిక్" అని వచ్చెను. ప్రతిసారియు ఆయన ఆగి, "ఇదేమిటండీ అయ్యగారూ?" అని అడిగిరి. నేను చెప్పుచుంటిని. రెండుచోట్ల నాకే జ్ఞాపకము రాలేదు. ఆయన నవ్విరి, నాకు నవ్వు రాలేదు. ఆ సాయంకాలమే యువకులను పిలిచి అన్నిటిని సవరింపజేసితిమి. రెండు సాయంకాలముల పని. ఖర్చు టీకాఫీలు మాత్రమే.

తెలియక చేసినదానికి క్షమాపణ కలదు. మాస్టారు నన్ను అడుగకమునుపే క్షమించిరి. అయితే తెలిసిన తరువాత ఆ రాయిని అక్కడనే ఉంచినవాడు ఇక మొదటి ఆజ్ఞ క్రిందికి వచ్చును గాని రెండవదాని క్రిందికి రాడు. ఈ వ్యాసము చదివిన నీవును నాతోపాటు తెలిసినవారి వరుసలోనికి వచ్చితివి. కాబట్టి చదువరీ, పత్రిక మూసిన వెంటనే, నీవు కడపట పంపిన ప్రకటనను తీసి చూడుము. అది బొమ్మయైయున్నదా? ఎవరికి చేరియుండదో తలంచుము. నేడే మాటలతో వ్రాసి మరల పంపుము.